నీళ్ళు పోయాక ముహూర్తం

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. మా మరిది ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు. దుబాయ్ వైపు ఎండలు తగ్గాయట, వేసవంతా గట్టున పెట్టిన తెరచాప పడవని మళ్ళీ నీళ్ళలోకి దింపారట, "మన పడవ సీజన్ మొదలు" అని రాసి కింద నాలుగు పూల బొమ్మలు. మన పడవట! ఆ 'మన' దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తసొమ్ము అల్లుడు దానం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

మావారు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బోట్లు బాగుచేసే వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేసేవారు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పడవలకి రంగులేసి పంపించిన మనిషి. కరోనా ఏడాది ఒక తెల్లాయన తన దేశం వెళ్ళిపోతూ, తన పాత తెరచాప పడవని మావారికి ఇచ్చేసి వెళ్ళాడు. దాన్ని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక యార్డులో గట్టున నిలబెట్టుకుని, మరుసటి వేసవంతా శుక్రవారం వస్తే చాలు (అప్పట్లో అక్కడ శుక్రవారమే సెలవు, ఇప్పుడు శని ఆదివారాలు చేశారు గాని, ఆ శుక్రవారాల రుచి మనవాళ్ళకే తెలుసు) తలకి తడిగుడ్డ చుట్టుకుని వెళ్ళి, పడవ అడుగున రాయిలా పట్టిన గుల్లల్ని గీకేవారు. నేను మజ్జిగ సీసా పట్టుకుని నీడలో కూర్చుని సణిగేదాన్ని. ఆ ఎండలో ఇనుప సామాను ముట్టుకుంటే చెయ్యి కాలేది.

ఆయనకి అరవై నిండగానే వీసా ఖలాస్, ఇంటికి వచ్చెయ్యాలి. ఈలోగా ఒకే ఒక్క చలికాలం, ప్రతి సెలవుకీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, మడచెట్ల పక్కనుంచి సముద్రంలోకి తీసుకెళ్ళి, తెరచాప విప్పి గాలితో నడపాలని ఆయన కోరిక. చీర కొనుక్కోనా అని నేను వందసార్లు అడిగానేమో గాని, ఆయన తనకోసం ఏదైనా కావాలనడం నేను వినడం అదే మొదలు.

ఇక మా మరిది సంగతి. వీసా తీయించి, ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లోనే ఉంచుకుని, నా చేత్తో అన్నం పెట్టాను. తర్వాత దుబాయ్‌లో మేనేజరయ్యాడు, సంతోషం. గుల్లలు గీకడానికి మాత్రం ఒక్క శుక్రవారం రాలేదు. పడవ దింపే రోజున, శంకుస్థాపనకొచ్చిన మంత్రిగారిలా నల్లకళ్ళద్దాలు, కొత్త టోపీ పెట్టుకుని, మా తోటికోడలితో, గుమ్మడికాయతో, ఇండియాలో మా ఊరి సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తంతో దిగాడు.

ఆ యార్డు ముందు నీళ్ళకి లోతు తక్కువ. తెరచాప పడవకేమో అడుగున బరువైన రెక్క ఒకటి నిలువునా దిగి ఉంటుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు దాటితే సరే, లేకపోతే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకే మావారు పోటు వేళ చూసి క్రేన్ మాట్లాడారు. మేం వెళ్ళేసరికి నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి. క్రేన్ నడిపే పఠాన్ "యల్లా భాయ్, పానీ ఉతర్ జాయేగా" అంటూ, నీళ్ళు దిగిపోతాయని తొందరపెట్టాడు. మరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగన్నయ్యా, ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంది."

నేనూ వర్జ్యం చూడకుండా గడప దాటని మనిషినే. అయినా ఉండబట్టలేక, "సముద్రం మీ సిద్ధాంతిగారి కోసం ఆగుతుందా బాబూ?" అన్నాను.

"మంచిపనికి వెళ్తూ ఆ మాటలేంటి వదినా!" అని నన్నే కసిరాడు. మావారేమో తను పెంచిన తమ్ముణ్ణి నలుగురిలో కాదనలేక, నీళ్ళవంక చూస్తూ నిలబడిపోయారు. నీళ్ళు మెల్లిగా గట్టు దిగిపోతూనే ఉన్నాయి.

ముహూర్తమయింది. కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయ తిప్పారు, క్రేన్ పడవని నీళ్ళలో దింపింది. సాయంత్రం పోటుదాకా ఇక్కడే కట్టేద్దామని మావారు బతిమాలినట్టు చెప్పారు. మరిది వింటేగా! దింపడమే కాదు, కదలడమూ ముహూర్తంలోనే జరగాలట. ఇంజను వేసి, చుక్కాని తనే పట్టుకుని బయల్దేరదీశాడు. మొదటి మలుపు తిరగకముందే అడుగున కరకరమంది. పడవ ఆగింది. నీళ్ళు ఇంకా తగ్గేకొద్దీ పక్కకి ఒరిగింది, పులిహోర గిన్నె దొర్లిపోయింది, చుక్కాని ఇసుకలో ఇరుక్కుని విరిగింది. మావారు మొలలోతు నీళ్ళలో దిగి, విరిగిన ముక్క పట్టుకుని నిలబడ్డారు. మరిది టోపీ ఊడలేదు.

అప్పుడు మా తోటికోడలు, ఇంత మంచి ముహూర్తంలో ఇలా ఎందుకయిందని సిద్ధాంతిగారికి ఫోన్ చేసింది. స్పీకరులో ఆయన గొంతు మా అందరికీ వినబడింది. "అదేంటమ్మా, ఆ ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది కదా!"

ఆయన పెట్టింది మన దేశం గడియారానికి. మా మరిదిగారు చూసింది గంటన్నర వెనక నడిచే దుబాయ్ గడియారం. ఆ గంటన్నర తేడా లెక్కేసుకుంటే, అసలు ముహూర్తం సరిగ్గా పఠాన్ యల్లా అన్న వేళే, నీళ్ళు గట్టు నిండా ఉన్నప్పుడే! అన్నేళ్ళుగా రోజూ ఇండియాకి ఫోన్లు చేసే పెద్దమనిషికి ఆ మాత్రం తట్టలేదు. ఆలస్యం అమృతం విషం అంటారు, మాకు ముహూర్తమూ దక్కలేదు, పోటూ దక్కలేదు.

కొత్త చుక్కాని బయటిదేశం నుంచి రావాలన్నారు. కరోనా రోజులు, ఏ సరుకూ వేళకి వచ్చేది కాదు. అది వచ్చేసరికి చలికాలమూ అయిపోయింది, మావారి వీసా కూడా అయిపోయింది. "ఎవరో ఒకరు చూసుకోవాలి కదా వదినా" అంటూ మరిది పడవ తాళాలు తీసుకున్నాడు. పోనీలేవే, వాడికేం తెలుసు అని మావారు అప్పుడే క్షమించేశారు. నేను క్షమించలేదు, క్షమించను కూడా.

ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం. అక్కడున్నప్పుడు, ఇవాళ గాలి ఎటు తిరిగిందో చెప్పకుండా ఆయన టిఫిను ముట్టేవారు కాదు. వింటూ విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఆ మాట కోసం చెవులు కోసుకుంటున్నాను. ఇక్కడ సముద్రం దగ్గరే. ఆయన వాకింగుకి రోజూ మార్కెట్టు వైపే వెళతారు. కొత్తవాళ్ళెవరైనా ఆపి బీచికి దారి అడిగితే చెయ్యి చాపి చూపిస్తారు గాని, తల మాత్రం అటు తిప్పరు.