సాగనంపని ఏదుతాత

సోములమ్మ ఏడాదికి ఒక్కసారే ఏదుతాతను పిలుస్తుంది. జూన్‌లో తొలివాన పడి, కొండవాలు దున్ని, సామలు చల్లే రోజు పొద్దున మొదటి పిడికెడు గింజలు గట్టవతల పోసి గొంతెత్తి పిలుస్తుంది. ఏదుతాత అంటే వాళ్ళ ఊరి చేలు కాచే, ఒళ్ళంతా ముళ్ళుండే పెద్ద ఏదుపంది. దూడంత ఉంటాడట, ముసలాయనలా ఆగి ఆగి నడుస్తాడట. వచ్చి గింజలు తిన్నాక ఆయన్ని సాగనంపాలి. దానికి వేరే మాటలున్నాయి. పిలిచి సాగనంపకపోతే ఆయన ఎక్కడికీ పోలేడు, ఏ చేనూ కాయలేడు, పిలిచిన చోటే చిక్కుకుపోతాడు. అంతకన్నా పాపం ఆ కొండ మీద ఇంకోటి లేదు. పిలుపు రాస్తే సాగనంపూ రాయాలి కాబట్టి ఆ రెండు మాటలూ ఇక్కడ రాయడం లేదు.

ఈ కథ సోములమ్మ కూతురు నిర్మలది. ముంచింగిపుట్టు దాటి, ఆటో ఆగిపోయాక ఇంకో గంట నడిస్తే వచ్చే ఊరు వాళ్ళది. నిర్మలకిప్పుడు ముప్పై రెండేళ్ళు. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో బడి మొత్తానికి ఒకటే కంప్యూటరు, అందులో ఎవరో ఎక్కించిన ఒకటే ఆట. గడ్డిలో నడుస్తుంటే వింత మృగం ఎదురవుతుంది. దాన్ని కొట్టి నీరసపెట్టాలి, పట్టుకోవాలి, పెట్టెలో దాచుకోవాలి, ఇంకో మృగం మీదికి ఉసిగొల్పాలి. చూడబోతే బూడిదరంగు చదరాలు తప్ప ఏమీ లేవు. అయినా వారానికి దొరికే ఆ ఒక్క గంట కోసం నిర్మల ఆదివారాలు లెక్కపెట్టుకునేది. నోటుపుస్తకాల వెనక పేజీల్లో తన మృగాలు తనే గీసుకునేది.

డిగ్రీకి విశాఖపట్నం వెళ్ళేసరికి ఆటలు మారాయి. ఫోను పట్టుకుని నిజం వీధుల్లో తిరిగితే నిజం వీధుల్లోనే మృగాలు కనబడే ఆట వచ్చింది. బీచ్ రోడ్డులో జనం తలలు దించుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ తిరిగారు. సెలవులకు ఊరొచ్చిన నిర్మల, సిగ్నల్ కోసం గుట్టెక్కి ఆ ఆట తెరిచింది. ఒక్కటంటే ఒక్క మృగం లేదు. షాపింగ్ మాల్ గుమ్మంలో పది కనబడ్డాయి, కొండలన్నిటికీ కలిపి సున్నా! ఒళ్ళు మండిపోయింది ఆమెకు. మా అడవిలో ఏమీ లేదంటారా, చూపిస్తాను ఉండండి, అనుకుంది. ఆ మంట మీదే బొమ్మలు గీయడం నేర్చుకుంది. ఆ మంట మీదే నగరంలో ఓ చిన్న గేముల కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది.

ఆ కంపెనీ యజమాని పేరు అనిల్. మర్యాదస్థుడే, ఆ మాట ఒప్పుకోవాలి.

"రోజులు మారాయి నిర్మల గారూ. కొట్టి పట్టుకోవడం ఎవరికీ నచ్చట్లేదు. ఇప్పుడన్నీ మచ్చిక చేసుకోవడమే. తిండి పెట్టాలి, ప్రేమగా దగ్గరికి తీసుకోవాలి" అన్నాడు.

ప్రేమగానట! కానీ నిర్మల ఆ మాట నమ్మింది. మచ్చికైన మృగాన్ని ఆడేవాళ్ళు మళ్ళీ అడవిలో వదిలెయ్యాలి, వదిలితేనే ఆటలో ముందుకు పోవాలి అని తనే పట్టుబట్టింది. కొత్తగా ఉందని అనిల్ సరేనన్నాడు. నాలుగేళ్ళలో నూట నలభై మృగాలు గీసింది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర విన్నవన్నీ గీసింది. చివరికి మిగిలింది ఏదుతాత. ఆయనకు నిజం గొంతుతో పిలుపు కావాలన్నాడు అనిల్. నిర్మల ఊరొచ్చి తల్లిని అడిగింది.

"ఆయన్ని ఆట్లోకెందుకే గుంటా?" అంది సోములమ్మ.

"మన తరవాత ఎవరికి తెలుస్తాడమ్మా? ఇలాగైనా నలుగురూ ఎరుగుతారు."

"మరి సాగనంపుతారా?"

"సాగనంపుతారు. నాదే పూచీ."

కూతురి మాట మీద సోములమ్మ ఒప్పుకుంది. ఆ జూన్‌లో చేలో నిలబడి పిలిచింది, సాగనంపింది. నిర్మల రెండూ ఫోనులో రికార్డు చేసింది.

తిరుగు బస్సు అరకు దాటి ఘాట్ దిగుతుంటే ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఆ రికార్డు విన్నది. సాగనంపే మాటలు వచ్చేసరికి ఆపేసింది. ఇవి కూడా ఇచ్చేస్తే ఇక మా దగ్గరేం మిగిలింది అనిపించింది. అన్నీ ఇచ్చాను, ఇదొక్కటీ ఇవ్వను అనుకుంది. చివరి ముక్క కోసేసింది, ఫోనులోంచి చెరిపేసింది. అమ్మకు తెలిస్తే మెచ్చుకుంటుందని కూడా అనుకుంది, పిచ్చిది! పవిత్రమైనది దాచాననుకుంది గానీ, పిలుపు అప్పజెప్పి తలుపు మూసేశానని తోచలేదు.

"వదిలేటప్పుడు ఏమైనా అంటారా?" అని అనిల్ అడిగాడు.

"లేదు సార్" అంది.

లేదన్నాక ఆయన మాత్రం ఏం చేస్తాడు? వదిలేందుకు మాట లేని మృగం కనక, దొరికినవాళ్ళకు శాశ్వతంగా ఉండిపోయే అరుదైన మృగంగా ఏదుతాతను పెట్టాడు. ఆ సంగతి నిర్మలకు చెప్పినవాళ్ళు లేరు. ఎందుకంటే ఈలోగా ఆమె గీసిన నూట నలభై బొమ్మలూ ఓ ఏఐ మిషన్‌కు నేర్పారు. ఆమె పది రోజులు కూర్చుని గీసేది అది మనం టీ తాగేలోపు గీసి పడేస్తోంది. ఏప్రిల్‌లో ఆమెను రావద్దన్నారు. చేతి సంచీతో ఊరొచ్చేసి, సెలవు పెట్టానని తల్లికి అబద్ధం చెప్పింది.

మే నెలలో ఓ శనివారం తల్లీ కూతుళ్ళు ముంచింగిపుట్టు సంతకు అడవిలో ఏరిన అడ్డపిక్కలు అమ్ముకోవడానికి వెళ్ళారు. రీచార్జి కొట్టు ముందు సోములమ్మ ఠక్కున ఆగిపోయింది. తన గొంతు! తను చేలో పిలిచిన పిలుపు, సంత మధ్యలో, సంతకు ఆటో నడిపే వాళ్ళ ఊరి ఫల్గుణ చేతిలోని ఫోనులోంచి.

"ఏట్రా అది? నా గొంతు కాదేట్రా?"

"నీదే పిన్నీ! ఆట బాగుంది. ఏదుతాత దొరకడం శానా కష్టం. నాకాడ నాలుగున్నాయి."

"నాలుగేట్రా? ఆయనొక్కడే కదరా!"

"అందరికీ ఏరేరేగా వొత్తాయి పిన్నీ. ఇదిగో, దీనికి ముళ్ళు నీలంగా ఉన్నాయి సూడు."

"మరి ఎప్పుడు వొదుల్తావురా?"

"దీన్ని వొదల్లేం. ఇంకెప్పటికీ మనదే."

సోములమ్మ ఆ ఫోను లాక్కుంది. చేను దాటి ఏనాడూ పలకని ఆ సాగనంపే మాటలు, కోళ్ళ గంపల మధ్య, చింతపండు కొనే షావుకార్ల ముందు నిలబడి ఫోనుతో చెప్పింది. తెర మీద ఏదుతాత ముళ్ళు గలగలలాడించాడు, నెత్తి మీద చిన్న ఎర్ర గుండె వెలిగింది. మనిషి గొంతు వినబడితే ముద్దుగా అలా చేస్తాడట. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆమె రెండోసారి చెప్పింది. మళ్ళీ గుండె వెలిగింది. మూడోసారీ అంతే. ఫోను ఫల్గుణ చేతిలో పెట్టేసి, కూతురి వైపు చూడకుండానే నడక మొదలుపెట్టింది.

మర్నాడు నిర్మల గుట్టెక్కి అనిల్‌కు ఫోను చేసింది. సాగనంపే మాట ఉంది సార్, నేనే దాచాను, మళ్ళీ రికార్డు చేసి పంపిస్తాను, దయచేసి పెట్టండి అని బతిమాలింది.

"అప్పుడే చెప్పాల్సింది నిర్మల గారూ" అన్నాడు అనిల్. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇప్పుడు మృగాలన్నీ మిషనే పుట్టిస్తోంది. దొరికిన ప్రతివాళ్ళకూ ఓ కొత్త ఏదుతాత. రేపు ఇంకా కొత్తవి పుడతాయి. ఎవరి దాన్నని వదలమంటారు? డబ్బులు పెట్టి దక్కించుకున్న వాళ్ళు ఊరుకుంటారా?"

నిర్మల ఫోను పెట్టేసింది. గుట్ట దిగి, ఉద్యోగం పోయిన సంగతీ మాట కోసేసిన సంగతీ తల్లికి చెప్పేసింది. సోములమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని నిర్మల ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా వంట, నీళ్ళు, మేకలు తప్ప మాటల్లేవు.

జూన్ రెండోవారంలో వాన పడింది. దున్నడం అయ్యాక, తుంపర్లోనే ఇద్దరూ సామల బుట్టతో చేలోకి వెళ్ళారు. సోములమ్మ గట్టు దగ్గర నిలబడి పిడికెడు గింజలు తీసింది. వాటిని గట్టవతల పొయ్యలేదు.

"పిలవవా అమ్మా?" అంది నిర్మల.

సోములమ్మ ఆ గింజలు కూతురి చేతిలో పోసి, వేళ్ళు మూసింది.

"నేనేటని పిలుత్తానే? పట్టుబడిపోయినోడు ఏ కాళ్ళతో వొత్తాడు? నువ్వే పిలు. ఇప్పుడు నీ కాడే కదా ఉన్నాడు."

నిర్మలకు పిలుపూ తెలుసు, సాగనంపూ తెలుసు. చిన్నప్పటి నుంచీ రెండూ నోటికి వచ్చు. ఏ ఒక్కటీ నోట రాలేదు. సోములమ్మ బుట్ట చంకనెత్తుకుని మొదటి సాలు నుంచి చల్లుకుంటూ పోయింది. చేను మొత్తం చల్లడం అయ్యేదాకా నిర్మల గట్టు మీదే నిలబడి ఉంది, పిడికిట్లో గింజలు వానకు నానుతూ.