ఇప్పుడు తీసేస్తాడు

కెనడాలో, టొరంటో పక్కన ఏజాక్స్‌లో మా ఇంటి వంటగదిలో, స్టవ్‌కి ఎడమపక్క నేలలో ఒక ఇనుప జాలీ ఉంది. కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ తిరిగితే వేడిగాలి అందులోంచి పైకి వస్తుంది. ఇక్కడందరూ దాన్ని వెంట్ అంటారు. నాకు మాత్రం అది పెరుగు తోడుకునే చోటు. ఈ చలిలో పాలు తోడుకోవాలంటే గిన్నె తీసుకెళ్ళి దాని పక్కన పెట్టాల్సిందే. గిన్నె పెట్టడానికి వంగినప్పుడల్లా కిందవాళ్ళ మాటలు చెవిలో చెప్పినట్టే వినపడేవి.

కాలేజీలకని పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. మా వీధిలో ఖాళీ బేస్‌మెంట్ అన్నదే లేదు. మా కింద నలుగురు కుర్రాళ్ళుండేవారు. ఇద్దరు తెలంగాణ, ఒకడు కడప, ఒకడు మా కాకినాడ వైపువాడు. నలుగురికి మించి మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. పక్క వీధిలో ఒకాయన బేస్‌మెంట్ నిండా జనాన్ని పెట్టుకుని, తనిఖీకి వస్తారని తెలిసి భయపడి, ఆ పూటకాపూటే అందర్నీ ఖాళీ చేయించాడు. ఆ పిల్లలు పెట్టెలతో బస్ స్టాప్‌లో మంచులో నిలబడి ఉండడం మా ఆయన తన లారీలోంచి చూశాడు. అప్పట్నుంచి నలుగురంటే నలుగురే.

చలి ఇంకా వదలకముందే బేస్‌బాల్ సీజన్ మొదలైంది. టొరంటో జట్టుకి ఆ ఏడు కొత్త మేనేజర్ వచ్చాడు. ఎవరు ఆడాలి, ఎవర్ని ఎప్పుడు మార్చాలి అన్నదంతా అతని చేతిలో ఉంటుంది. కింద పిల్లలకి బంతీ బ్యాటూ కనపడితే చాలు. శని ఆదివారాల్లో మధ్యాహ్నం లాప్‌టాప్ చుట్టూ చేరేవాళ్ళు. మేనేజర్ ఇప్పుడేం చేస్తాడని పందెం. తప్పు చెప్పినవాడు ఆ పూట గిన్నెలు తోమాలి.

కానీ పాపం, వాళ్ళు తీర్పు చెప్పేదంతా క్రికెట్ లెక్కలోనే. ఈ ఆటలో బంతి వేసేవాణ్ని పిచర్ అంటారు. అతన్ని మార్చాలంటే మేనేజర్ నింపాదిగా మైదానం మధ్యకి నడిచొచ్చి చెయ్యి చాపుతాడు. పిచర్ ఆ చేతిలో బంతి పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోతాడు. కొత్తాయన బాగా వేస్తున్నవాళ్ళని కూడా తొందరగా పంపించేసేవాడు.

"మంచిగ వేస్తుంటే తీసేసిండు. గీయనకి ఎవడిచ్చిండు నౌకరి?" అనేవాడు తెలంగాణ పిల్లల్లో పెద్దవాడు.

"చివర్లో మళ్ళా దించుతాడులేప్పా, రెండో స్పెల్‌కి దాచిపెట్టినాడు" అని సర్దిచెప్పేవాడు కడప పిల్లవాడు. ఆ రెండో స్పెల్ కోసం ఆట ముగిసేదాకా కాచుకుని కూర్చునేవాళ్ళు. వెళ్ళినవాడు తిరిగొచ్చేవాడు కాదు.

సీజన్‌లో మొట్టమొదటి ఆట రోజు మా ఆయన లారీ మీద మాంట్రియల్ వెళ్ళాడు. నేను మజ్జిగ మిరపకాయలు జాలీ దగ్గర ఆరబెట్టుకుంటూ నేల మీద కూర్చున్నాను. లోపల్నుంచి ఒక గొంతు వినపడింది. "ఇప్పుడు తీసేస్తాడు."

మెల్లగా, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా ఉందా మాట. గాలితో పాటు వచ్చి నా మోకాలికి తగిలినట్టనిపించింది. తర్వాత నేను మిరపకాయలన్నీ ఒక పక్కకి తిప్పుకునేంతసేపు ఏమీ లేదు. అప్పుడు కింద పిల్లలు ఒక్కసారిగా ఉసూరుమన్నారు. మేనేజర్ నడిచొస్తున్నాడట.

వాళ్ళలో ఎవడో ముందే పసిగట్టాడనుకున్నాను. కానీ మరుసటి వారాంతం అదే గొంతు, ఈసారి మాటలింకా ఎక్కువ. ఇదిగో కొట్టాడు అనేది. కాసేపటికి కింద కేకలు వినపడేవి. అయిపోయింది అనేది. కాసేపటికి నిట్టూర్పులు. ఒక్కటీ తప్పలేదు. ఆ గొంతు ఆ నలుగురిలో ఎవరిదీ కాదు, వయసు మళ్ళుతున్న మనిషిది. నాకు వినపడుతున్నది పిల్లలకి వినపడుతున్నట్టే లేదు. వాళ్ళ పందెం వాళ్ళది, గిన్నెల గొడవ వాళ్ళది.

ఒకరోజు పిల్లలు మళ్ళీ రెండో స్పెల్ మాటెత్తారు. జాలీలోంచి ఆ గొంతు నిదానంగా అంది, "ఈ ఆటలో తీసేసినవాడు మళ్ళీ రాడు." ఉండబట్టలేక జాలీ మీదకి వంగి, ఎవరు నాయనా అది అని అడిగాను. కింద మాటలు ఆగిపోయాయి. లాప్‌టాప్ చప్పుడు కూడా ఆగిపోయింది. టక్కుమని ఫర్నేస్ ఆగింది. చల్లబడుతున్న రేకు టిక్కు టిక్కుమంటుంటే, అవతల ఎవరో ఊపిరి బిగబట్టుకున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

మా ఆయనకి చెబితే, చెవిలో హోరై ఉంటుంది, డాక్టర్‌కి చూపించుకుందాం అన్నాడు.

ఆ ఆదివారం ఆట మధ్యలో, ఫర్నేస్ ఫిల్టర్ మార్చాలన్న వంకతో కిందికి దిగాను. నన్ను చూడగానే నలుగురూ లేచి నిలబడ్డారు. కాకినాడ పిల్లవాడు ఫర్నేస్ గది తలుపుకి అడ్డంగా వచ్చి, మేం మార్చేస్తాం ఆంటీ, మీకెందుకు శ్రమ అన్నాడు. వాణ్ని పక్కకి జరిపి తలుపు తీశాను.

ఫర్నేస్‌కీ గోడకీ మధ్య ఒక పరుపు. దాని మీద నలభై దాటిన మనిషి, కళ్ళు మూసుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీగ పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళో చిన్న రేడియో. దాని ఏరియల్‌కి ఇంకో తీగ కట్టి పైపు మీదుగా కిటికీ దాకా లాగి ఉంది. నేనొచ్చింది అతనికి తెలియలేదు. "ఇంకొక్కడికి వేయనీ, ఇప్పుడే తీయకు" అని గొణుగుతున్నాడు, బతిమాలుకుంటున్నట్టు. కళ్ళు తెరిచాడు. నన్ను చూసి గబుక్కున లేవబోతే తల పైపుకి తగిలింది.

విషయం అప్పుడు తెలిసింది. అతనూ విద్యార్థే. మా కోస్తావాడే, క్రైస్తవుడు, బళ్ళో డ్రిల్లు మాస్టారు. భార్యనీ కూతుర్నీ ఇక్కడికి తెచ్చుకోవాలని ఆ వయసులో స్టడీ పర్మిట్ మీద వచ్చి, కొడుకుల ఈడు పిల్లల పక్కన క్లాసులో కూర్చుంటున్నాడు. ఉన్న గది పోయింది. తమ క్లాస్‌మేట్ కదా అని మా పిల్లలే అతన్ని తీసుకొచ్చి ఫర్నేస్ గదిలో దాచారు. వేర్‌హౌస్ పనిలో పక్కనుండే తెల్లాయన ఈ ఆట నేర్పి, ఆ పాత రేడియో ఇచ్చాడట. రేడియోలో ఆట ముందు వస్తుంది, లాప్‌టాప్‌లో అరనిమిషం వెనకబడి వస్తుంది. అతను విన్నది విన్నట్టు గొణుక్కుంటే, పక్కనే ఉన్న గొట్టం దాన్ని నాకు మోసుకొచ్చేది.

"అక్కా, సెమిస్టర్ అయ్యేదాకా ఉండనివ్వండి. మధ్యలో మానేస్తే పర్మిట్ పోతుంది, మళ్ళీ రాలేను" అన్నాడు.

నేనేమీ మాటివ్వలేదు. అన్నం తిన్నావా అని అడిగి పైకొచ్చాను.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. వంటగదిలోనే నిలబడి చెప్పాను. ఎంత మెల్లగా మాట్లాడినా కిందకి వినపడుతుందని తెలిసే చెప్పాను. ఆయన కోపంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రేపే పంపించెయ్, ఇల్లు పోగొట్టుకోలేం అన్నాడు.

"ఆ ఆటలో ఒకసారి తీసేసినవాడు మళ్ళీ రాడంట" అన్నాను.

"ఇదేం ఆటా? బేస్‌మెంట్‌లో నలుగురే ఉండాలి."

"నలుగురే ఉంటారు. ఫర్నేస్ పక్కన మనిషిని పడుకోబెట్టడం నాకూ ఇష్టం లేదు. పైన కుట్టుమిషన్ గది ఉంది. మిషన్ మన గదిలోకి జరుపుతాను."

ఆయన జాలీ వైపు చూశాడు. కిందనుంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. చివరికి సెమిస్టర్ అయ్యేవరకే అని లేచి, తనే వెళ్ళి మిషన్‌కి ఒక వైపు పట్టుకున్నాడు. అప్పుడు కిందనుంచి పెద్ద కుర్రాడి గొంతు వచ్చింది. "ఆంటీని మేనేజర్ జేయాలె. గా టొరంటో మేనేజర్ని ఇంటికి పంపుర్రి."

ఆ తర్వాత మాస్టారు వారాంతాల్లో వంటగదిలోనే రేడియో పెట్టుకునేవాడు. పిల్లలు మేనేజర్‌ని తిట్టడం మానలేదు. ఇది ఆరు నెలల ఆట, పిచర్ల చేతులు మొదట్లోనే అరగదీయకూడదని అతను జాలీలోంచి జవాబు చెప్పేవాడు. రేడియో చెప్పింది విని, కింద కేకల కోసం ఎదురుచూడడం మా ఇద్దరికీ సరదాగా ఉండేది.

ఒక శనివారం తోడు పెట్టిన గిన్నె జాలీ పక్కన పెడుతూ, మొదటి ఆట రోజు ఎంత భయపెట్టావు తమ్ముడూ అని నవ్వాను. ఏ ఆట అని అడిగాడు. సీజన్ మొదటి ఆట, ఇప్పుడు తీసేస్తాడు అన్నావే అన్నాను.

అతను నవ్వలేదు. "అప్పటికి నేను మీ ఇంటికి రాలేదక్కా. తర్వాతి వారం వచ్చాను."

జాలీ మీదకి వంగి పిల్లల్ని అడిగాను. అవునాంటీ, తర్వాతి వారమే వచ్చారన్నారు. మరి మొదటి ఆటప్పుడు ఆ మాట అన్నదెవరు అన్నాను. కింద లాప్‌టాప్ ఆపేశారు. తర్వాత కడప పిల్లవాడు అన్నాడు, "మేమూ విన్నామాంటీ. పైనుంచి అంకుల్ అన్నాడనుకున్నాం."

ఆ రోజు మా ఆయన మాంట్రియల్ దారిలో ఉన్నాడు.

మాస్టారు చెయ్యి చాపి రేడియో కట్టేశాడు. మేం పైనా, వాళ్ళు కిందా చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఫర్నేస్ తిరగడం మొదలైంది. వేడిగాలి వచ్చి నా చీర కుచ్చిళ్ళని కదిలించింది. అంతే.

విషయం విని మా ఆయన మర్నాడు అట్టపెట్టె కోసి, జాలీకి సరిపోయే ముక్క తయారుచేశాడు. నేను వేయనివ్వలేదు. పెరుగు తోడుకోదని చెప్పాను. లోపల ఎవరైనా ఉంటే వాళ్ళనింకెక్కడికి పొమ్మంటాం అన్న మాట మాత్రం పైకి అనలేదు. సెమిస్టర్ అయ్యాక కూడా మాస్టారు పై గదిలోనే ఉండిపోయాడు. మా ఆయన ఆ ఊసెత్తలేదు. అట్టముక్క ఫ్రిజ్ వెనక అలాగే పడి ఉంది.