అహోబిలం పోతే స్వామి ఊళ్లో లేడు

ఎనభైల మొదట్లో మాట. మా అత్తకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, కర్నూలులో ఆపరేషన్ ఖాయమైంది. సోమవారం ఆసుపత్రిలో చేరాలి. గురువారం పొద్దున అత్త కాఫీ గ్లాసు కింద పెట్టి, "అహోబిలం సామిని కండ్లార చూసినంకనే నేను ఆసుపత్రి గడప తొక్కేది" అని తేల్చేసింది. కట్లు విప్పాక చూపు వస్తుందో రాదో అని ఆమె భయం. ఆ భయం పైకి చెప్పదు, స్వామి మీద పెట్టి మాట్లాడుతుంది. నేను నంద్యాలలో టీచర్‌ని, శనివారం సెలవు పెట్టాను. మా ఆయన అంగడి వదిలి రాలేనన్నాడు. మా వీధి చివర ఉండే దానియేలన్న తన అంబాసిడర్ టాక్సీని పెట్రోలుతో సహా రెండు రోజులకు మూడు వందలకు ఒప్పుకున్నాడు గానీ, ఆదివారం చర్చికి పోవడం కుదరదే అని కాసేపు గొణిగాడు.

శనివారం తెల్లవారుతుండగా బయలుదేరి మొదట మహానందికి వెళ్లాం. నంద్యాల నుంచి అరటి తోటల మధ్యగా ముక్కాలు గంట ప్రయాణం, ఎదురుగా నల్లమల కొండలు. గుండంలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనిపిస్తుంది. అత్త వంగి చూసి, "నీళ్లుండాయా అసలు?" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచాను. గుడి బయట పూరిపాక హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. వంటాయన అత్తను చూసి "అవ్వకు కారం తక్కువేద్దునా?" అని నన్ను అడిగాడు. జవాబు అత్తే చెప్పింది. "కండ్లు పోయినాయి గానీ నాలుక పోలేదప్పా. నువ్వెయ్." ఆయన నవ్వి ఇంకో బజ్జీ ఊరికే వేశాడు.

మళ్లీ నంద్యాల మీదుగా వచ్చి, శిరివెళ్ల దాటి మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ చేరాం. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రోడ్డు పక్కన పాకల్లో ఉలి దెబ్బలు వినబడుతూనే ఉంటాయి, ఎవరైనా లోపలికి వెళ్లి చూడవచ్చు, కాదనరు. ఒక పాకలో సగం చెక్కిన అమ్మవారి విగ్రహం ముఖాన్ని అత్త రెండు చేతులతో తడిమి, "ముక్కు పెద్దదాయ గదప్పా" అంది. నేను సిగ్గుతో చచ్చాను. శిల్పి మాత్రం ఉలి పక్కన పెట్టి, "ఇంగా చెక్కేది ఉంది లేమ్మా. నీకు నచ్చేట్టు చేస్తా" అన్నాడు. ఆ రాత్రికి బస్టాండు దగ్గర లాడ్జిలో పాతిక రూపాయల గదిలో పడుకున్నాం.

ఆదివారం పొద్దున్నే అహోబిలం. ఆళ్లగడ్డ నుంచి గంట దారి, చివర్లో రాళ్ల రోడ్డు. ముందు ఎగువ అహోబిలం వెళ్లాం. అక్కడ స్వామి గుహలో ఉంటాడు. పూజారి హారతి ఎత్తి చూపించాడు. నాకే సరిగా ఆనలేదు, ఇక అత్తకేం కనిపిస్తుంది? బయటికొచ్చి రాతి మీద కూర్చుని, "చీకటే కనపడిన్యాది సరళా" అంది. ఫర్వాలేదు, దిగువ గుడిలో ఉత్సవ విగ్రహాలు ఉంటాయి, దగ్గరగా చూడవచ్చు అని ధైర్యం చెప్పి కిందికి తీసుకొచ్చాను.

కిందికొస్తే గుడిలో ఉత్సవమూర్తులే లేరు. అక్కడ ఊడుస్తున్నాయన చీపురు ఆపి, "సామి పారువేటకు పోయినాడు గదమ్మా" అన్నాడు. పారువేట అంటే స్వామి పల్లకీలో వేటకు వెళ్లే ఉత్సవం.

"పారువేట కనుమ నాడే ఐపాయ గదా. నెల దాటిపాయ" అంది అత్త.

"యా ఊరవ్వా మీది?"

"ఉండేది నంద్యాల. పుట్టిల్లు నందికొట్కూరు పక్క."

"మీ పక్క ఒక్క దినమే. ఈడ నలభై దినాలకు పైనే. తన పెండ్లికి రమ్మని సామే ఊరూరు తిరిగి పిలిచొస్తాడు. ఇప్పుడు రుద్రవరం పక్క పల్లెల్లో ఉంటాడు. బేగా పోండి."

ఆచారం తెలుసనుకుని ఎవరినీ అడక్కపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. అత్త కారులో కూర్చుని కొంగు ముఖాన వేసుకుంది. నేను ఇంటికి పోదామనే అన్నాను. దానియేలన్న ఒప్పుకోలేదు. "నా చర్చి ఎట్లా పాయ. మీ సామినన్నా చూడకుండా తిరిగిపోతే ఎట్లమ్మా?" అని బండి తిప్పాడు.

మొదటి పల్లెలో అడిగితే పొద్దున్నే వెళ్లిపోయాడన్నారు. రెండో పల్లెలో ఇంకా తోరణాలు విప్పలేదు. ఒకావిడ మమ్మల్ని చుట్టాల్లా కూర్చోబెట్టి బొరుగులు, బెల్లం పెట్టింది గానీ, పల్లకీ అప్పటికే పొలాల బాట పట్టింది. ఆ బాటలో అంబాసిడర్ రెండుసార్లు కూరుకుపోయింది. దానియేలన్న దిగి ప్రతి జొన్నచేనులోనూ "అన్నా, పల్లకీ యాడుందన్నా?" అని కేకలు వేస్తుంటే నాకు నవ్వాగలేదు. కొంగు చాటున అత్త కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఎండలో దొరికాడు స్వామి. కళ్లం పక్క చింతచెట్టు కింద బోయీలు పల్లకీ దించి మజ్జిగ తాగుతున్నారు. ఆపరేషన్ సంగతి చెబితే పూజారి తెర పూర్తిగా పక్కకు లాగాడు. ఎండ నేరుగా లోపలికి పడింది. అత్త జానెడు దూరం దాకా ముఖం పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఇద్దరుండారే" అంది చివరికి. "పల్లకీలో ఇద్దరు సాములుండారు, సరళా."

నిజమే. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఇద్దరూ ఒకే పల్లకీలో వస్తారు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను ఆమె భుజం పట్టుకుని ఏడ్చేశాను. బోయీల్లో పెద్దాయన మూతి తుడుచుకుంటూ, "పెండ్లికి పిలవనీకి ఆయనే మీ కాడికి వస్తాంటే, నువ్వేందవ్వా ఆయన ఎంటబడి ఉరుకుతాండావ్?" అన్నాడు.

అత్త కొంగు సర్దుకుంది. "పిలుపు అందిన్యాది నాయనా. పెండ్లికి వస్తా. అప్పటికి కట్లు ఇప్పుతారులే" అంది. వారం రోజులుగా ఆమె నోట కట్లు విప్పుతారన్న మాట రావడం అదే మొదటిసారి.

ఇన్నేళ్లలో చాలా గుళ్లు చూశాను, తోపులాటలో కంటి రెప్పపాటు దర్శనాలు చేసుకుని తృప్తిపడ్డాను. చేనుగట్టు మీద మనం ఎక్కడున్నామో అక్కడికి వచ్చి, తీరిగ్గా ఎండలో కూర్చున్న దేవుణ్ణి మాత్రం ఆ ఒక్కసారే చూశాను. మీరు సంక్రాంతి తర్వాత ఆ పక్క వెళ్తుంటే ఒక్క పని చేయండి. అహోబిలం దాకా పోకముందే ఆళ్లగడ్డ బస్టాండులో పల్లకీ ఏ ఊళ్లో ఉందో అడగండి, టీ కొట్టు వాళ్లకు కూడా తెలుస్తుంది. అత్త సోమవారం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆసుపత్రి మెట్లెక్కింది. ఫాల్గుణంలో స్వామి పెళ్లికి ఇద్దరం ఎర్ర బస్సులో వెళ్లాం. ఆ జనంలో నేను తప్పిపోతే, దూరం నుంచి నా చీర గుర్తుపట్టి వచ్చి చెయ్యి పట్టుకున్నది అత్తే.