నీడపట్టు తరం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. బెల్లంపల్లిలో బొగ్గుబాయి కూలీల లైన్లలో మా ఇల్లు. బాపు బాయిలో బొగ్గు నింపేవాడు. అన్న మెట్రిక్ పాసై, పంతులు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. పొద్దున్నే ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. అదే అన్న కొంప ముంచింది.

రైల్లో వచ్చే వారపత్రిక మా లైనుకంతా ఒక్కటే. సాయంత్రం నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి కూర్చుంటే, చదువొచ్చిన పిల్లనని నాచేత సీరియల్ నవల పైకి చదివించేవారు. అందులో ఒక కూలీ కొడుకు చదువుకుని, ఎండలో పనికి పోనని ఇంట్లో కూర్చుంటాడు. రచయిత అతనికీ, అతని ఈడు వాళ్లందరికీ కలిపి ఒక పేరు పెట్టాడు: నీడపట్టు తరం. ఎక్కడి మహానుభావుడో, మా లైన్లను కలలో కూడా చూసి ఉండడు.

ఆ మాట అందరికీ అంటుకుంది. చాయ్ హోటల్లో అదే, రేషన్ దుకాణంలో అదే. అన్న కనబడితే చాలు, "ఏమోయ్ నీడపట్టూ" అని పలకరింపు. నాకు ఒళ్లు మండిపోయేది. మరుసటి వారం ఆ మాట వచ్చిన చోటల్లా మింగేసి చదివాను.

"ఏం పిల్లా, గా మాట ఎగ్గొడుతున్నవేంది?" అని ఒక ముసలమ్మ పట్టేసింది. ఇక నా చేతిలో ఏముంది?

చివరికి బాపు చెవిన పడింది. బాపుకు అక్షరం ముక్క రాదు కానీ అచ్చు మీద చెడ్డ నమ్మకం.

"మన పిలగాని గురించి బుక్కుల రాసిండ్రట గదా?"

"అది కథ బాపూ. గా పిలగానిది వేరే ఊరు."

"ఊరు మార్చి రాస్తరు, నాకెరుక లేదా? లేనిది అచ్చెట్ల ఏస్తరు బిడ్డా?"

"జర ఆగరాదు, ట్రైనింగు పిలుపు వచ్చేదాక," అని అవ్వ, కన్నతల్లి కదా, ఏడ్చింది.

"ఆగితే వచ్చే వారం ఇంకింత రాస్తరు," అన్నాడు బాపు. ఎవరెవరినో బతిమాలి అన్నను బాయి పనిలో పెట్టించాడు. అన్న తెల్ల చొక్కా మడిచి పెట్టెలో పెట్టాడు. భూమి అడుగున ఎండ ఎక్కడుంది, అంతా నీడే కదా అని అరవాలనిపించింది. ఎవరి మీద అరవను?

వానాకాలంలో ట్రైనింగు పిలుపు వచ్చింది. అప్పటికి సీరియల్ అయిపోయింది. జనం కొత్త సీరియల్ మాటల్లో పడ్డారు. బాపే అన్న పక్కన కూర్చుని, "పో కొడుకా. గా మాట ఇప్పుడు ఎవ్వరంటలేరు, మంది అంత మర్సిపోయిండ్రు," అన్నాడు.

అన్న బూట్లు తొడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మందిదేముంది బాపూ, నువ్వు నమ్మినవు గద," అని షిఫ్టుకు పోయాడు.