పులి ఏమంటుంది?

"మా మైత్రి తెలుగు మరిచిపోతుందేమోనని భయంగా ఉంది చేచీ," అన్నాను. సౌదీలోని ధహ్రాన్‌లో మా కింది వాటాలో ఉండే, అక్కా అన్నట్టు నేను చేచీ అని పిలిచే నర్సు ఏలియామ్మ, డ్యూటీ దిగగానే కాళ్లు చాపుకుని, కేరళ నుంచి తెచ్చుకున్న పాత మలయాళం బొమ్మల పత్రికలు ఒళ్లో పరుచుకుని, పులిలా గాండ్రిస్తూ, కుందేలులా ముక్కు ఎగరేస్తూ పిల్లలకి చదువుతుంది. మా పిల్ల ఇంట్లో కూడా మలయాళంలోనే అల్లరి చేస్తోంది. ఇక చదవొద్దని చెప్పడానికే వెళ్లాను. "సరే బాబూ, మీ తెలుగు కథల పుస్తకం తీసుకురా, అదే చెబుతా," అంది, నెల్లూరులో నర్సింగ్ చదివినప్పటి తెలుగులో. మా ఇంట్లో ఉన్నవి లెక్కల వర్క్‌బుక్కులే. ఆ మాటే చెప్పాను. ఆవిడ ఒళ్లోని పత్రికే నా చేతికిచ్చి, "అక్షరాలు కనపడకుండా అరచెయ్యి పెట్టు. బొమ్మ చూసి, పులి ఏమంటుందో మీ అమ్మ మాటల్లో నువ్వే చెప్పు," అంది. ఇప్పుడు రోజూ అలాగే చెబుతున్నాను. మాట దొరక్క నేను తడుముకుంటుంటే మైత్రి ఓపిగ్గా ఎదురుచూస్తుంది.