అక్క హ్యాండిల్‌కు కట్టిన మంచం పట్టెలు

మా చిన్నతనంలో మృగశిర కార్తె వచ్చిందంటే పడమటి గాలి మనిషిని నిలబడనిచ్చేది కాదు... పాన్‌గల్ దగ్గర మా చేను ఊరికి పడమట. నాయనకు సద్ది తీసుకుపోయే పని మా యాదమ్మక్కది. నాయన పెద్ద సైకిల్ మీద, వెనక నన్ను కూర్చోబెట్టుకుని, గాలికి ఎదురు తొక్కేది.

"తమ్మీ, నా వీపుకు అతుక్కో. నువ్వు తలకాయ బయట పెడితే నాకు బరువైతది" అనేది.

ఒకరోజు విరిగిన మంచం పట్టెను రెండు ముక్కలు చేసింది. పాత ట్యూబును పట్టీలుగా కోసి, ఆ ముక్కల్ని హ్యాండిల్ మీద ముందుకు చాచి కట్టింది. పైన గోనెపట్టా మడత. వాటి మీద మోచేతులు ఆనించి, చేతులు దగ్గరగా పెట్టుకుని, ముందుకు వంగి తొక్కింది... గాలి మా మీది నుంచి పోయింది. ఆ గాలిలో చైన్ చప్పుడు వినడం నాకదే మొదటిసారి.

అట్లా వంగితే మోకాళ్లు పొట్టకు తగులుతున్నాయని సీటు కింది క్లిప్పు తిరగేసి బిగించింది. సీటు నాలుగు వేళ్లు ముందుకు వచ్చింది. బ్రేకులు చేతికి దూరమయ్యాయి కాబట్టి బాటకు అడ్డంగా నీళ్లు పోయే మోరీ ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు కోసం ఒక చెయ్యి వెనక్కి తెచ్చేది. ఎవరూ నేర్పలేదు. పడింది, లేచింది, మళ్లీ కట్టింది.

బడిలో డ్రిల్లు సార్ చూశాడు. ఆడపిల్లల సైకిల్ పందెంలో పేరు రాశాడు.

"గెలిస్తే మహబూబ్‌నగర్ తోలిస్తరంట తమ్మీ. ఆడ గెలిస్తే హాస్టల్ల ఉంచుకొని చదివిస్తరంట" అని రోజూ చెప్పేది. పదో తరగతితో చదువు మాన్పిస్తారని ఆమెకు తెలుసు. ఆ పందెం ఒక్కటే ఆమెకున్న దారి.

పందేనికి ముందురోజు బస్టాండు హోటల్ ముందు నుంచి పోతున్నాం. మా పెద్దనాయన అక్కడ చాయ్ తాగుతున్నాడు. ఎవరో అన్నారు... "అన్నా, మీ పిల్ల సైకిల్ తొక్కుతుందా, చెర్ల ఈత కొడుతుందా?"

అందరూ నవ్వారు. పెద్దనాయన లేచి వచ్చి సైకిల్ పట్టుకున్నాడు.

"దిగు. ఆడపిల్లవు, గట్ల బొర్ల పండుకొని తొక్కుడేంది? జర సిగ్గుండాలె."

"ఎదురుగాలికి పెద్దనాయనా..."

"గాలికి గంత పరేషానైతే ఇంట్ల కూసో."

పక్కవాడి కొడవలి తీసుకుని ట్యూబు పట్టీలు కోసేశాడు. పట్టెలు రోడ్డు మీద పడ్డాయి. సైకిల్ తీసుకుపోయి వాళ్లింట్లో తాళం వేసుకున్నాడు. మా ఇంట్లో పెద్దన్న మాటకు ఎదురుచెప్పే అలవాటు లేదు... నాయన తన అన్నను అడగను కూడా లేదు.

మరునాడు సార్ ఇంటికి వచ్చాడు. "పిల్లకు జరమొచ్చింది సార్" అని పెద్దనాయనే చెప్పి పంపించాడు. అక్క రెండు జడలు వేసుకుని తలుపు వెనకే నిలబడి ఉంది.

ఏడాది తిరక్కుండా వడ్డేపల్లికి ఇచ్చి పెళ్లి చేశారు.

దుకాణం లెక్కలు తప్ప నేను వేరే ఏమీ రాసేవాణ్ని కాదు. ఇది మాత్రం కోపంతో రాస్తున్నాను. ఎందుకంటే పోయిన ఆదివారం...

పెద్దనాయన మనవరాలు గీత హైదరాబాద్ నుంచి వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. ట్రయాథ్లాన్ అని, ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీకి తయారవుతోంది. తన రోడ్ బైక్‌కు ఏరో బార్లు, అంటే హ్యాండిల్ మీద ముందుకు చాచి మోచేతులు ఆనించే కడ్డీలు, కొనుక్కుంది. పానాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి మా వాకిట్లోనే బిగించాం. పెద్దనాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్క కూడా వచ్చి ఉంది.

గీత ఎక్కి చూసి, "చేతులు మస్తు ముందుకు గుంజుతున్నయ్ బాబాయ్, నడుము పట్టేస్తుంది" అంది. ఆ బైక్ అట్లా వంగి తొక్కడానికి చేసింది కాదు. సీటు ముందుకు జరిపాను, మోచేతి మెత్తలు కాస్త పైకి లేపాను. సరిపోయింది. పెద్దనాయన ఫోను తీసి ఫొటో కొట్టి స్టేటస్‌లో పెట్టాడు.

తర్వాత మా అక్కకు వివరించడం మొదలుపెట్టాడు... "చూసినవా పిల్లా, మోచేతులు గీడ పెట్టి వంగాలె. గప్పుడు గాలి తగలదు. పెద్ద టెక్నిక్ గిది."

అక్క ఆ మోచేతి మెత్తల వైపు చూసింది.

"సీటు జరపాలని నీకెట్ల తెల్సు బాబాయ్?" అని గీత అడిగింది.

"అక్క దగ్గర నేర్చుకున్న" అన్నాను.

"అత్తా, నీకు సైకిలొస్తదా?"

అక్క నోరు తెరిచేలోపే పెద్దనాయన నవ్వాడు. "దానికి సైకిల్ యాడొస్తది బిడ్డా."

అబద్ధమాడి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. ఆయన నిజంగానే మరిచిపోయాడు... ఒక పిల్ల చదువును రోడ్డు మీద తెగ్గోసిన మనిషికి ఆ సంగతి జ్ఞాపకమే లేదు.

పానా కింద పెట్టాను. "వస్తది. మనందరికంటె బాగొస్తది. హోటల్ ముందట దింపింది నువ్వే" అన్నాను. ఆయన ముందు నేను గొంతు పెంచడం అదే మొదలు.

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఎప్పటి ముచ్చటరా గది. అప్పటి కాలం గట్లుండె."

"కాలమొచ్చి నా సైకిల్ పట్టుకోలే పెద్దనాయనా" అంది అక్క, నెమ్మదిగానే. "నువ్వు పట్టుకున్నవ్."

గీత బైక్ దిగి నిలబడింది.

గీత బాగా తొక్కాలి, గెలవాలి. వంగి తొక్కే పిల్లను చూసి ఇప్పుడు ఇంటివాళ్లు గర్వపడుతున్నారు, మంచిదే... మా అక్కకు మాత్రం అందులో ఒక్కరోజు కూడా దక్కలేదు.

సైకిల్ మీంచో, ఆటలోంచో, బడిలోంచో దింపేసిన అక్కలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు కింద రాయండి... దింపింది ఎవరో కూడా రాయండి. కాలం అని మాత్రం రాయకండి.