మజ్జిగ మైలులో నేనిచ్చిన తీర్పు

1983 జూన్‌లో హోసూరు పారిశ్రామికవాడలోని ఒక ఇంజను విడిభాగాల కర్మాగారంలో పర్సనల్ ఆఫీసరుగా చేరాను. అంతకుముందు కృష్ణగిరిలో ఒక నూలు మిల్లులో ఆరేళ్ళు అసిస్టెంటుగా చేశాను. పర్సనల్ ఆఫీసరంటే హోదాలో మేనేజర్లకు కింద, సూపర్‌వైజర్లకు పైన. నియామకాలు, హాజరు, సెలవులు, క్రమశిక్షణ విచారణలు మా శాఖవి. ఏ శాఖా ముట్టుకోని పనులు కూడా తిరిగి తిరిగి మా నెత్తినే పడేవి. వార్షిక క్రీడలు అలా పడ్డవే.

రెండో ఏడు క్రీడలకు నెల ముందు మా జనరల్ మేనేజరు నన్ను పిలిచి, శిక్షణకు విదేశం వెళ్ళినప్పుడు చూసిన ఒక పందెం గురించి చెప్పారు. మైలు పరుగు, ఒక్కో రౌండుకు ముందు ఒక బీరు తాగాలి, కక్కుకుంటే అదనంగా మరో రౌండు. చెబుతూ చెబుతూ ఆయనకే నవ్వాగలేదు. మన దగ్గరా పెడదామన్నారు. ఆవరణలో బీరు తాగినవాణ్ణి సస్పెండు చేయాల్సింది నేనే కదా అని మనవి చేశాను. అయితే మజ్జిగ పెట్టమన్నారు.

నియమాలు రాయడమంటే నాకు మహా ఇష్టం. పదకొండు నియమాలు రాసి, సైక్లోస్టైల్ చేయించి, తమిళంలోనూ తెలుగులోనూ నోటీసు బోర్డుకు ఎక్కించాను. మైలంటే నాలుగు వందల మీటర్ల రౌండ్లు నాలుగు, పైన తొమ్మిది మీటర్లు. ప్రతి రౌండుకు ముందు పావు లీటరు గ్లాసుడు మజ్జిగ తాగి, గ్లాసును నెత్తిమీద బోర్లించి చూపాలి. ఏడో నియమం ప్రకారం, మజ్జిగ నేలమీద ఒలకబోసినవాళ్ళు మరో గ్లాసు తాగాలి. దొంగచాటుగా పారబోసి పరిగెత్తేవాళ్ళ కోసం పెట్టింది అది. అంత పకడ్బందీగా రాశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నవ్వులాటకు పెట్టిన పందెమే అయినా, క్యాజువల్ కార్మికులకు అది నవ్వులాట కాదు. క్యాజువల్ అంటే పర్మనెంటు కానివాడు. ఏడాదిలో రెండువందల నలభై రోజులు నిండితే పర్మనెంటు హక్కు అడుగుతారని, అవి నిండకముందే పని ఆపించి, కొన్నాళ్ళకు కొత్త టోకెను నంబరుతో మళ్ళీ తీసుకునేవారు. ఆ ఏడు కొత్తగా, ఈ మైలు పరుగులో మొదటి ఇద్దరి పేర్లు కంపెనీ క్రీడాకారుల జాబితాకు పంపాలని నిర్ణయించారు. ఆ జాబితాలో పేరుంటే ఉద్యోగం పర్మనెంటు.

ఇనుము కాల్చి సాగగొట్టే విభాగమైన ఫోర్జింగ్ షాపులో తిమ్మరాయప్ప అనే క్యాజువల్ ఉండేవాడు. మత్తిగిరి పశువుల ఫారం పక్కన ఇల్లు, తరతరాలుగా మందలు కాసుకునే కుటుంబం. మూడేళ్ళలో నాలుగు టోకెన్లు మారాయి అతనికి. పరుగులో మాత్రం అతన్ని పట్టుకునేవాడు మా దగ్గర లేడు. ఈసారి పర్మనెంటు అయినట్టేనని షాపంతా అనుకున్నారు.

పందెం ఆదివారం ఉదయం. నేను ప్రధాన న్యాయనిర్ణేతను. మజ్జిగ బల్ల దగ్గర క్యాంటీన్ సూపర్‌వైజరు కమలమ్మ, చేతిలో ఎర్రజెండాతో నిలబడింది. విజిల్ వేశాను. తిమ్మరాయప్ప గ్లాసు అందుకుని, వంగి, నాలుగు చుక్కలు నేలమీద పోసి, తర్వాత గ్లాసెత్తి పెదవికి తగలకుండా గటగటా తాగాడు. కమలమ్మ జెండా ఎత్తి నా వైపు చూసింది.

"సార్, ఈ అప్ప కింద పోసినాడు. ఏం చేసేది?"

కుర్చీలోంచి లేవకుండానే ఏడో నియమం అన్నాను. ఆమె ఇంకో గ్లాసు ఇచ్చింది. అతను అందులోంచీ నాలుగు చుక్కలు పోసి తాగాడు. ఆమె మళ్ళీ జెండా ఎత్తింది. ఈ లెక్కన అతనికి బల్ల దగ్గరే పొద్దుగూకేట్టుందని, రౌండుకు ఒక్క అదనపు గ్లాసు చాలని తీర్పిచ్చాను. పెద్ద మేలు చేసినట్టే అనుకున్నాను.

మిగతావాళ్ళు నాలుగు గ్లాసులు తాగారు, అతను ఎనిమిది. మూడో రౌండు దాకా ముందే ఉన్నాడు. నాలుగో రౌండులో డొక్క పట్టుకున్నాడు. మెషిన్ షాపు క్యాజువల్ ఒకడు మొదట వచ్చాడు, ఆఫీసు టైపిస్టు రెండోవాడు. తిమ్మరాయప్ప మూడు.

సైకిల్ షెడ్డు నీడలో వెల్లకిలా పడుకుని ఉంటే దగ్గరికి వెళ్ళాను. శిక్ష పడుతుందని తెలిసీ ప్రతిసారీ ఎందుకు పోశావని అడిగాను.

"మందకాడ పాలైనా మజ్జిగైనా మొదట నేలతల్లికి పోసే తాగేది సార్. మా నాయన నేర్పినాడు. అట్ల పొయ్యకుండా నేనెప్పుడూ తాగలేదు."

ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

"మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మజ్జిగ మాత్రం బలే ఉండె."

పక్కనే ఉన్న కమలమ్మ, "ఎనిమిదో గ్లాసు ఇచ్చేటప్పుడు నా చెయ్యే ఆడలేదు సార్" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే కృష్ణగిరిలో పుట్టి పెరిగినవాణ్ణే అయినా, ఈ అలవాటు గురించి వినలేదు. వినకపోవడం తప్పు కాదు. అడగకపోవడమే తప్పు.

ఫలితాల నివేదిక మూడు ప్రతుల్లో పంపాలి. అందులో చివరి గడి 'ప్రత్యేక వ్యాఖ్యలు'. సాధారణంగా అక్కడ గీత గీసి వదిలేస్తాం. నా తీర్పు తప్పని, అతను చేసింది ఒలకబోయడం కాదని, దానివల్లే ఓడిపోయాడని ఆ గడిలో రాసి సంతకం పెట్టాను.

జనరల్ మేనేజరు అంతా చదివి, తీర్పు ఇచ్చేముందు అతన్ని అడిగారా అన్నారు. లేదన్నాను. ప్రకటించిన ఫలితం మార్చడం కుదరదన్నారు. అయితే టైపిస్టు ఎలాగూ పర్మనెంటే గనుక జాబితాలో రెండో చోటు ఖాళీ. అలా మిగిలిన చోటు రద్దవుతుందని ఎనిమిదో నియమంలో రాసింది కూడా నేనే. దాన్ని కొట్టేయడానికి అనుమతి అడిగాను. ఆయన ఒప్పుకుని, మరుసటి నెల కృష్ణగిరిలో కర్మాగారాల మధ్య జరిగే పోటీల్లో మొదటి ముగ్గురిలో నిలిస్తే పేరు పంపమన్నారు. అక్కడ మజ్జిగ లేదు, ఉత్త పరుగే. తిమ్మరాయప్ప రెండోవాడుగా వచ్చాడు. పర్మనెంటు ఉత్తర్వు నేనే స్వయంగా ఫోర్జింగ్ షాపుకు తీసుకువెళ్ళి ఇచ్చాను. నా సర్వీసులో అంత సంతోషంగా ఇచ్చిన కాగితం మరొకటి లేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో విచారణలు జరిపాను. మా విచారణ ఫారంలో మొదటి ప్రశ్న, 'ఆరోపణ అంగీకరిస్తున్నారా?' నేను దాన్ని రెండో ప్రశ్నగా అడిగేవాణ్ణి. ఎందుకు చేశావని ముందు అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కలం మూత తీసేవాణ్ణి కాదు.